తోక ఎముక దగ్గర నొప్పి: కుర్చీకి ఏ కుషన్, ఎంత మందం?

పద్దుల_పని, తిరుచానూరు

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ఆడిటరు గారి కార్యాలయంలో పద్దులు చూస్తాను. ఉదయం తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే భోజనానికి తప్ప లేవడం కుదరదు. మార్చి నెలాఖరులోనూ, రిటర్నుల గడువు దగ్గరపడినప్పుడూ రాత్రి ఎనిమిది దాటినా అదే కుర్చీ. కొంతకాలంగా వెన్నెముక చిట్టచివర, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట నొప్పిగా ఉంటోంది. కూర్చున్నంతసేపూ సన్నగా ఉండి, కుర్చీలోంచి లేచేటప్పుడు మాత్రం పోటు పొడిచినట్టవుతుంది. నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంది.

ఎముకల వైద్యుడికి చూపించాను. ఎక్స్‌రే తీయించి, ఎక్కడా విరగలేదని, తోక ఎముక మీద ఒత్తిడి పడకుండా చూసుకోవాలని చెప్పి, కొన్నాళ్లకు మాత్రలు రాసి, కూర్చునేటప్పుడు కుషన్ వాడమన్నారు. ఎలాంటి కుషన్ అని అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశారు.

మందుల అంగట్లో గాలి నింపే రబ్బరు రింగు చూపించారు. ఫర్నిచర్ అంగట్లో వెనకవైపు యు ఆకారంలో కోసిన మెమరీ ఫోమ్ కుషన్ చూపించారు. ఆన్‌లైనులో చూస్తే తేనెతుట్టె గళ్లున్న జెల్ కుషన్లు, ముందుకు వాలుగా ఉండే కుషన్లు అంటూ రకరకాలు కనిపిస్తున్నాయి, ప్రతి దాని కిందా వెన్నునొప్పి మాయమవుతుందనే రాసి ఉంది.

నా కుర్చీ పాతకాలపు టేకు కుర్చీ. కేన్ అల్లిక తెగిపోతే దాని మీద ప్లైవుడ్ పలక కొట్టించారు. నేల నుంచి సీటు ఎత్తు 46 సెంటీమీటర్లు. బల్ల గోడకు బిగించిన గ్రానైటు పలక, ఎత్తు 76 సెంటీమీటర్లు. దాన్ని దించే వీలు లేదు. నా ఎత్తు ఐదడుగులు. ఇప్పటికే మడమలు నేలకు ఆనవు, మునివేళ్ల మీదే నిలుపుకుంటాను. దీని మీద ఇంకో మూడంగుళాల కుషన్ వేస్తే కాళ్లు గాల్లో వేలాడతాయేమో అన్నది నా మొదటి సందేహం. కార్యాలయంలో ఏసీ లేదు, ఫ్యాను మాత్రమే. మన ఎండల్లో ఫోమ్ మీద రోజంతా కూర్చోగలమా అన్నది రెండోది. ఇంటి నుంచి స్కూటీ మీద వస్తాను కాబట్టి అదే కుషన్ బండి సీటు మీదా వేసుకోవచ్చా అన్నది మూడోది. వాడినవారు, తెలిసినవారు చెప్పగలరు.

---

ఫిజియో_చిత్తూరు

నమస్కారమండీ. కొలతలతో సహా రాశారు కాబట్టి నిర్దిష్టంగా చెప్పే వీలు కలిగింది. నేను చిత్తూరులో ఫిజియోథెరపీ చేస్తాను. మీ వైద్యుడు ఎక్స్‌రే చూసి ఎముక విరగలేదన్నారు కాబట్టి, కుషన్ సంగతి వరకే మాట్లాడతాను.

ముందు బరువు ఎక్కడ పడుతోందో మీరే చూసుకోండి. ప్లైవుడ్ పలక మీద రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టి, వాటి మీద కూర్చోండి. నడుము నిటారుగా ఉంటే ఒక్కో అరచేతిలో ఒక్కో గట్టి ఎముక గుచ్చుకుంటుంది. కూర్చున్నప్పుడు పైశరీరం బరువు మోయవలసినవి ఆ రెండు ఎముకలే. ఇప్పుడు నడుమును మెల్లగా వెనక్కి జార్చి, అలసిపోయి కూలబడినట్టు కూర్చోండి. గుచ్చుకోవడం తగ్గి, బరువు వెనక్కి, తోక ఎముక వైపు దొర్లిపోవడం చేతికే తెలుస్తుంది. సాయంత్రం నాలుగు తర్వాత పద్దులు చూసేవారంతా ఆ రెండో భంగిమలోనే ఉంటారు. మీ విషయంలో దానికి ఇంకో కారణం కూడా ఉంది. కాళ్లు నేలకు ఆనకపోతే మనిషి తెలియకుండానే సీటు అంచు వైపు జారుతాడు, జారినకొద్దీ వీపు ఆసరా కోల్పోయి నడుము వంగిపోతుంది. కాబట్టి మీ నొప్పిలో గట్టి పలకకు ఎంత వాటా ఉందో, వేలాడే కాళ్లకూ అంత ఉండవచ్చు.

రింగు వద్దు. చూడటానికి అది సరైనదిగానే తోస్తుంది, నొప్పి ఉన్న చోటు కింద ఖాళీ ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ మనిషి దాని మీద కుండ చుట్టకుదురు మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. బరువంతా అంచు మీద పడి, మధ్యలో ఉన్న కండ కిందికి వేలాడుతుంది, అంచు నొక్కిన చోట రక్తప్రసారం తగ్గుతుంది. పైగా గాలి రింగు నిలకడగా ఉండదు, కూర్చున్నవారు అటూ ఇటూ ఊగుతూ కండరాలు బిగబట్టుకుంటారు. మీకు కావలసింది వెనక అంచు దాకా తెరిచి ఉన్న యు ఆకారపు కోత. అందులో రెండు కూర్చునే ఎముకలకూ, తొడలకూ పూర్తి ఆసరా ఉండి, తోక ఎముక కింద మాత్రమే ఖాళీ ఉంటుంది. కోత ఉన్న వైపు కుర్చీ వీపుకు ఆనాలి, ముందుకు కాదు. కుషన్ వెనక అంచుకూ కుర్చీ వీపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలితే మీరు మళ్లీ అందులోకి జారతారు, కోత వల్ల ప్రయోజనం ఉండదు.

కొంచెం వాలు కూడా ఉంటే మంచిది. వెనక ఎత్తుగా, ముందు పల్చగా ఉండే సీటు మీద కటి భాగం ముందుకు ఒరిగి, నడుము తనంతట తానే నిలబడుతుంది. డెన్మార్కుకు చెందిన మాండల్ అనే శస్త్రవైద్యుడు 1970ల నుంచి ముందుకు వాలిన సీట్లను గట్టిగా సమర్థించారు. అయితే వాలు ఎక్కువైతే మనిషి ముందుకు జారుతూ, ఆ బరువును మోకాళ్లతో ఆపుకోవలసి వస్తుంది. మీ కాళ్లు ఇప్పటికే ఆనడం లేదు కాబట్టి వెనక్కీ ముందుకీ రెండు మూడు సెంటీమీటర్ల తేడా చాలు.

ఇక ఎత్తు లెక్క. ఐదడుగుల మనిషికి అరికాలి నుంచి మోకాలి మడత దాకా దాదాపు 38 సెంటీమీటర్లు ఉంటుంది, చెప్పులతో 40 అనుకుందాం. మీ సీటు 46. ఏడు సెంటీమీటర్ల మందం ఉన్న కుషన్ మీ బరువుకు కుంగి నాలుగైదు సెంటీమీటర్లు మిగులుతుంది, అంటే సీటు 50 లేదా 51 అవుతుంది. కాళ్ల దృష్టితో చూస్తే ఇది నష్టమే. కానీ చేతుల దృష్టితో చూడండి. కూర్చున్నప్పుడు సీటు నుంచి మోచేయి దాకా మీకు సుమారు 21 సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పుడు మీ మోచేయి 67 దగ్గర ఉంటే బల్ల 76 దగ్గర ఉంది, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తుకు భుజాలు ఎగదన్ని టైపు చేస్తున్నారన్నమాట. కుషన్ వేస్తే ఆ తేడా సగానికి తగ్గుతుంది. బల్ల దిగదు కాబట్టి మీరు పైకి లేవడమే మేలు. కుర్చీ కాళ్లు కోయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దానికి బదులు కాళ్ల కింద పది పదకొండు సెంటీమీటర్ల పీట ఒకటి వడ్రంగితో చేయించుకోండి, రెండు పాదాలూ పక్కపక్కన పూర్తిగా ఆనేంత వెడల్పుగా ఉండాలి. పాత ఫైళ్ల కట్టలు కాళ్ల కింద పెట్టుకునేవారిని చూశాను. అవి జారతాయి, పైగా ఆడిటరు గారు ఊరుకోరు.

కూర్చున్నాక సీటు ముందు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే సీటు మీకు లోతెక్కువన్నమాట. నడుము వంపు దగ్గర ఒక తువ్వాలు చుట్టి పెట్టుకుంటే ఆ లోతు కొంత తగ్గుతుంది, నడుముకూ ఆసరా దొరుకుతుంది.

లేచేటప్పుడు వచ్చే పోటుకు ఒక కిటుకు ఉంది. ఉన్నచోటి నుంచే నిటారుగా లేవకండి. ముందు సీటు అంచుకు జరిగి, పాదాలను వెనక్కి లాక్కుని, ఛాతీని మోకాళ్ల మీదుగా ముందుకు వంచి, అప్పుడు లేవండి. బరువు తోక ఎముక మీద నుంచి తొడల మీదకు మారాకే లేస్తారు కాబట్టి పోటు చాలావరకు తప్పుతుంది.

---

కుషన్_పని_బైరాగిపట్టెడ

అమ్మా, డాక్టరు గారు ఆకారం చెప్పారు, నేను లోపలి సరుకు గురించి చెబుతాను. సోఫాలు, కారు సీట్లు, ఆఫీసు కుర్చీలకు ఫోమ్ కోసి కుట్టడం మా పని.

అంగట్లో కుషన్‌ను బొటనవేలితో నొక్కి చూసి కొంటారు. వేలు దిగితే మెత్తన, దిగకపోతే గట్టి అనుకుంటారు. మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు. ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అది డెన్సిటీ. తక్కువ డెన్సిటీ ఫోమ్ కూడా మొదటి వారం గట్టిగానే ఉండవచ్చు. ఆ తర్వాత దాని గాలి గదులు నలిగిపోయి, మధ్యలో గుంట పడుతుంది. అట్ట మీద అచ్చువేసిన అంకెను నమ్మనక్కరలేదు, తూచి చూసుకోవచ్చు. 45 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 7 మందం ఉన్న ఫోమ్ దిమ్మె 40 డెన్సిటీది అయితే దాదాపు అర కిలో ఉండాలి, 50 అయితే 630 గ్రాముల దాకా రావాలి. కోత తీసేసినందుకు కొంత తగ్గుతుంది, గలీబు బరువు కొంత కలుస్తుంది. అదే కొలతల కుషన్ 300 గ్రాములే తూగితే లోపల ఉన్నది 24 డెన్సిటీ సరుకు. ఎక్కువమంది కొని మూడు నెలలకే కూలబడిందని మా దగ్గరకు తెచ్చేవి ఇలాంటివే.

మెమరీ ఫోమ్ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం 1966లో తయారైన పదార్థమని అట్టల మీద గొప్పగా రాస్తారు, అది నిజమే. అయితే దాని గుణం ఏమిటో రాయరు. అది వేడికి మెత్తబడి, చలికి గట్టిపడుతుంది. ఒంటి వేడికి కరిగినట్టు మెత్తబడి ఆకారానికి ఒదగడమే దాని ప్రత్యేకత. మన తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో అది మామూలు కంటే ముందే, మామూలు కంటే ఎక్కువగా కుంగిపోతుంది. అందుకని మొత్తం మెమరీ ఫోమే ఉన్న మెత్తటి కుషన్ మీకు నేను చెప్పను. అడుగున నాలుగైదు సెంటీమీటర్లు హెచ్‌ఆర్ ఫోమ్, అంటే నొక్కి వదిలితే వెంటనే లేచే గట్టి రకం, దాని మీద రెండు సెంటీమీటర్ల మెమరీ ఫోమ్ అతికిస్తే, పైపొర ఒంటికి ఒదుగుతుంది, అడుగుపొర బరువు మోస్తుంది. వాలు కావాలంటే అడుగుపొరనే వాలుగా కోస్తాం.

వేడి సంగతికి వస్తే, మీరు చూసిన తేనెతుట్టె జెల్ రకం తీసిపారేయదగినది కాదు. గళ్ల మధ్య గాలి ఆడుతుంది, ఫోమ్ కంటే తక్కువ చెమట పడుతుంది. గళ్లు లేని, దిమ్మెలా ఉండే జెల్ మాత్రం కూర్చున్న కొత్తలో చల్లగా ఉండి, కాసేపటికి ఒంటి వేడినే పట్టి ఉంచుతుంది. జెల్‌లో తోక ఎముకకు కోత ఉన్నవి తక్కువ, బరువూ ఎక్కువ. రోజూ మోసుకెళ్లేవారికి అది ఇబ్బంది. కొబ్బరి పీచుకు రబ్బరు పట్టించి చేసే పలకలు గాలి బాగా ఆడనిస్తాయి, కానీ వాటి మీద నేరుగా కూర్చుంటే ప్లైవుడ్‌కూ దానికీ పెద్ద తేడా తెలియదు. అడుగుపొరగా అయితే బాగుంటుంది.

గలీబు విషయంలో వెల్వెట్ జోలికీ రెక్సిన్ జోలికీ పోవద్దు. గాలి ఆడే జాలీ గుడ్డ కానీ ముతక నూలు గుడ్డ కానీ జిప్పుతో కుట్టించుకోండి, రెండు జతలు ఉంటే ఉతికినప్పుడు ఇబ్బంది ఉండదు. అడుగున రబ్బరు చుక్కల గుడ్డ వేయించకపోతే మీ నున్నటి ప్లైవుడ్ మీద కుషన్ జారుతుంది. ఫోమ్‌ను మాత్రం నీళ్లలో ముంచకండి, లోపల తడి ఆరదు, వాసన పట్టేస్తుంది. ఎండలో కూడా పెట్టకండి, పచ్చబడి పొడిపొడిగా రాలుతుంది. నీడలో ఫ్యాను గాలికి పెడితే చాలు. కొత్త కుషన్‌కు రసాయనాల వాసన ఉంటుంది, కొన్న వెంటనే ప్లాస్టిక్ సంచి విప్పి రెండు మూడు రోజులు గాలికి ఉంచితే పోతుంది.

---

విశ్రాంత_అధ్యాపకుడు

అందరూ ఫోమ్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను కొంచెం ఎదురు చెబుతాను. మా ఇంట్లో ఇప్పటికీ బూరుగు దూది కుషనే. వేసవిలో ఒంటికి చెమట పట్టదు, అణగిపోతే దూది ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. వెయ్యి, రెండు వేలు పోసి కొన్నవి రెండేళ్లకు చెత్తకుప్పలోకి చేరుతున్నాయి.

రెండో మాట. కూర్చోవడాన్ని సుఖంగా చేసినకొద్దీ మనిషి లేవడం మానేస్తాడు. కూర్చున్నప్పుడు వెన్ను డిస్కుల మీద నిలబడ్డప్పటి కంటే ఎక్కువ ఒత్తిడి పడుతుందని 1960లలోనే స్వీడన్‌కు చెందిన నాకెమ్సన్ సూది పెట్టి కొలిచి చెప్పారు. అరగంటకోసారి లేచి వెళ్లి నాలుగు మంచినీళ్లు తాగి వచ్చే అలవాటు చేసుకోకుండా, కుషన్ మీద కుషన్ వేసుకుంటూ పోవడం నాకు అర్థం కాదు.

ఇంకొకటి, ఇది ముఖ్యంగా మగవారికి. ప్యాంటు వెనక జేబులో పర్సు పెట్టుకుని దాని మీదే కూర్చునేవారు ఎంతోమంది. ఒకవైపు పిరుదు లేచి, నడుము పక్కకు ఒరిగి, తొడ వెనక నుంచి పిక్క దాకా గుంజుతుంటే సయాటికా కుషన్ కావాలని అంగళ్లు తిరుగుతారు. ముందు పర్సు తీసి బల్ల మీద పెట్టి చూడండి, దానికి ఖర్చేమీ లేదు.

---

ఘాట్_రోడ్డు_డ్రైవర్

కుర్చీ సంగతి పెద్దలు చెప్పారు. స్కూటీ గురించి, కారు గురించి నాకు తెలిసింది చెబుతాను. తిరుపతి నుంచి కొండకు టాక్సీ నడుపుతాను. ఎక్కేటప్పుడు కొత్త ఘాట్ రోడ్డు, దిగేటప్పుడు పాత ఘాట్ రోడ్డు, రోజంతా సీట్లోనే.

స్కూటీ సీటు మీద విడి కుషన్ వేసుకోవద్దండీ. తాడుతో కట్టినా మలుపులో పక్కకు జారుతుంది. ఎత్తు పెరిగి కాలు నేలకు అందకపోతే సిగ్నలు దగ్గర బండి ఒరిగిపోతుంది. మీ ఎత్తుకు అది మరీ ప్రమాదం. బండి సీటులో ఫోమ్ కుంగిపోయి ఉంటే దాన్నే మార్పించుకోండి. స్పీడ్ బ్రేకరు కనిపించగానే వేగం తగ్గించి, పాదాల మీద బరువు వేసి ఒళ్లు కొంచెం తేల్చితే ఆ దెబ్బ తోక ఎముకకు తగలదు.

కారు సీటు కుర్చీ లాంటిది కాదు. దాని అడుగు వెనక్కి పల్లంగా ఉంటుంది, మనిషి అందులోకి దిగబడి కూర్చుంటాడు. అందుకని వెనక ఎత్తుగా ఉండే వాలు కుషన్ డ్రైవర్లకు పనికొస్తుంది, ఆ పల్లం పూడుతుంది. కానీ మందం ఎక్కువైతే తల పైకప్పుకు దగ్గరవుతుంది, పెడల్ కోణం మారుతుంది, సీటు బెల్టు కింది పట్టీ తుంటి ఎముకల మీద కాకుండా పొట్ట మీదకు వస్తుంది. కుషన్ వేసిన రోజే మూడు అద్దాలూ, సీటూ, బెల్టూ మళ్లీ సర్దుకోవాలి. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద బ్రేకు పడుతూ ఉంటుంది, అడుగున పట్టులేని కుషన్ మనిషితో సహా ముందుకు జరుగుతుంది. నా సీటుకు వెనక నుంచి రెండు పట్టీలతో బిగించే రకమే వాడుతున్నాను. మా స్టాండులో చాలామంది పూసల సీటు కవరు వేస్తారు. దాని వల్ల గాలి ఆడుతుంది, చెమట తగ్గుతుంది, అంతే తప్ప ఎముక మీద ఒత్తిడి తగ్గదు.

---

పద్దుల_పని, తిరుచానూరు

అందరికీ ధన్యవాదాలు. అరచేతుల మీద కూర్చుని చూశాను. నిటారుగా ఉన్నప్పుడు రెండు ఎముకలూ స్పష్టంగా తెలిశాయి, మామూలుగా పని చేసుకునే తీరులో కూర్చుంటే ఒక్కటీ తెలియలేదు. పీటకు వడ్రంగికి చెప్పాను. కుషన్ చేయించుకోవడమే మంచిదనిపిస్తోంది.

ఇంకో మాట అడగాలి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు చచ్చుబడింది. షుగరు కూడా ఉంది. పగలంతా చక్రాల కుర్చీలోనే ఉంటారు. నాకు చేయించేటప్పుడే ఆవిడకూ ఇలాంటిదే ఒకటి చేయిస్తే సరిపోతుందా? ఇప్పుడు ఆవిడ కింద తలగడ మడిచి వేస్తున్నాం.

---

ఫిజియో_చిత్తూరు

వద్దండీ, ఆ రెండూ వేరు వేరు విషయాలు. మీకు నొప్పి తెలుస్తుంది, తెలియగానే కదులుతారు. చచ్చుబడిన వైపు స్పర్శ తగ్గి ఉంటే, మీ అత్తగారికి ఒత్తిడి పడుతున్నట్టు తెలియకపోవచ్చు, తెలిసినా తనంతట తాను జరగలేకపోవచ్చు. దానికి షుగరు తోడైతే పుండు పడటం సులువు, మానడం కష్టం. మడిచిన తలగడ ఒకపక్క ఎత్తు, ఒకపక్క పల్లం చేసి మనిషిని చచ్చుబడిన వైపుకు ఒరిగేలా చేస్తుంది. దాన్ని తీసేయండి. రింగు ఆవిడకు అసలే వద్దు.

ఆవిడకు కావలసింది ఒత్తిడిని మొత్తం పిరుదుల మీదా, తొడల మీదా సమానంగా పంచే చక్రాల కుర్చీ కుషన్. గాలి గదులతో చేసినవి, జెల్, ఫోమ్ కలిపి చేసినవి దొరుకుతాయి. మనిషిని చూసి, కొలిచి ఎంచుకోవాలి. తిరుపతిలో తితిదే వారి బర్డ్ ఆసుపత్రి ఎముకల చికిత్సకూ, వికలాంగుల పునరావాసానికీ ఏర్పడినదే, అక్కడ ఒకసారి చూపించండి. ఏ కుషన్ వేసినా ఒక పరీక్ష మీరే చేయవచ్చు. ఆవిడ కూర్చున్నాక కుషన్ కింద నుంచి అరచేతిని పంపి, కూర్చునే ఎముక కిందకు చేర్చండి. ఎముక నేరుగా చేతికి తగులుతున్నట్టు ఉంటే ఆ కుషన్ పూర్తిగా కుంగిపోయినట్టే. ఎముకకూ చేతికీ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల మందం మిగలాలి. కుషన్ ఎంత మంచిదైనా పావుగంట, అరగంటకోసారి ఆవిడను ముందుకో పక్కకో వంచి కొద్దిసేపు ఒత్తిడి తీసేయాలి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు పిరుదుల దగ్గర చర్మం చూడండి. వేలితో నొక్కినా పోని ఎరుపు కనిపిస్తే, నల్లటి చర్మమైతే చుట్టుపక్కల కంటే ముదురుగా, వేడిగా అనిపిస్తే, ఆ చోటు మీద మళ్లీ కూర్చోబెట్టకుండా వైద్యుడికి చూపించాలి.

అధ్యాపకుల వారు చెప్పిన నాకెమ్సన్ కొలతలు నిజమే. అయితే 1999లో జర్మనీలో మళ్లీ కొలిచినప్పుడు కూర్చున్నప్పటికీ నిలబడ్డప్పటికీ అంత తేడా కనిపించలేదు. కానీ వారి సలహాలో మార్చవలసింది లేదు, ఎందుకంటే ఒకే భంగిమలో గంటలు గడపడమే అసలు చిక్కు. బూరుగు దూది కూడా మంచిదే, మీకు మాత్రం కోత నిలబడదు. దూది జరిగి ఆ ఖాళీని నింపేస్తుంది.

మీ విషయంలో ఒక జాగ్రత్త. కొత్త కుషన్‌ను మొదటి రోజే పొద్దుటి నుంచి రాత్రి దాకా వాడకండి, గంటా రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకోండి. కొన్ని వారాలు వాడినా తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, ఆ చోట గడ్డ లేచి చీము పట్టినా కుషన్లు మార్చుకుంటూ కూర్చోకుండా మళ్లీ వైద్యుడి దగ్గరకు వెళ్లండి. తొడల లోపలి భాగంలో, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా తెలియకుండా పోతున్నా, కాళ్లలో బలం తగ్గినా అది అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

---

కుషన్_పని_బైరాగిపట్టెడ

అమ్మా, చక్రాల కుర్చీ కుషన్ మా చేతి పని కాదు, డాక్టరు గారు చెప్పినట్టే చేయండి. మీ కుషన్‌కు వచ్చేటప్పుడు కుర్చీ మోసుకురానక్కరలేదు. సీటు మీద పాత దినపత్రిక పరిచి, చేతుల మధ్య వెడల్పూ, వీపు నుంచి ముందు అంచు దాకా లోతూ గీసి, ఆ కాగితం తెచ్చివ్వండి. ముందు అంచు తొడల కింద నొక్కకుండా గుండ్రంగా కోస్తాం. కోత వెడల్పు అందరికీ ఒకటి కాదు, మరీ వెడల్పుగా తీస్తే కూర్చునే ఎముకలు కూడా అందులోకి దిగుతాయి. అందుకని ముందు ఫోమ్ మీద చాకుపీసుతో గీసి, మిమ్మల్ని దాని మీద కూర్చోబెట్టి చూశాకే కత్తి పెడతాం. గలీబు ఆ తర్వాతే కుడతాం.